చేనుకు కాపలా కాసిన సంగీతం

పోయిన నెలలో హైదరాబాదు నుంచి ఒకాయన మా ఇల్లు వెతుక్కుంటూ వచ్చాడు. ములకలపల్లి దాకా బస్సులో వచ్చి, అక్కడ ఆటో మాట్లాడుకుని, రెండుచోట్ల దారి తప్పి, సరిగ్గా అన్నాలవేళకు చేరాడు. అరవై దగ్గర పడిన మనిషి. భుజాన సంచి, చేతిలో నోటుబుక్కు. కూర్చోగానే, ఇచ్చిన నీళ్లు తాగకుండానే, మా ఆయన పేరు చెప్పి, "ఆయన తీసిన టేపులు ఉన్నాయా అమ్మగారూ?" అని అడిగాడు. మా ఆయన పోయి పదిహేనేళ్లు దాటింది. ఆయన పేరు బయటి మనిషి నోట విని చాలా కాలమైంది. 

వచ్చినాయన పాత గూఢచారి సినిమాల సంగీతం పోగు చేస్తాడట. నల్లకోటు, నల్లకళ్లద్దాలు, పెట్టెలో పిస్తోలు, సొరంగంలో విలను ఉండే అరవైల నాటి తెలుగు సినిమాలు. ఆయనకు కావలసింది పాటలు కాదు. పాటలు అప్పుడే రికార్డుల మీద వచ్చాయి, వెతికితే దొరుకుతాయి. గూఢచారి గోడ దూకేటప్పుడు, కారు వెనక కారు తరిమేటప్పుడు, మాటలు లేనిచోట మోగే వాయిద్యాలు కావాలి. అవి ఏ రికార్డు మీదా రాలేదు. ఒక సినిమాకైతే ఇప్పుడు రీళ్లే ఎక్కడా లేవట. దాని చివరి ప్రింటు మా వైపు డేరా టాకీసుల్లో తిరిగి తిరిగి తునకలైపోయింది. మా ఆయన దాన్ని టేపు చేసి ఉంచాడని అప్పటి డేరా మేనేజరు చెప్పాడట. ఆ మాట చెబుతున్నప్పుడు ఆయన ముఖంలో వెలుగు చూసి నాకు మా ఆయనే గుర్తొచ్చాడు. లోకంలో ఈ పిచ్చి ఒక్కరికే ఉందని అనుకుంటూ వచ్చాను నేను.

లోపలికి వెళ్లి ట్రంకుపెట్టె తెచ్చాను. ఆయన ఒక క్యాసెట్ డబ్బా తీసి మూత తెరిచాడు. ఖాళీ. రెండోది తెరిచాడు. అదీ ఖాళీ. ఆరో ఏడో తెరిచాక తలెత్తి, "టేపులేవమ్మా?" అన్నాడు.

"చిలుకలకు కట్టిన" అన్నాను.

మా ఆయన డేరా టాకీసులో ఆపరేటరు. చర్లలో నాలుగు నెలలు, ఇంకోచోట నాలుగు నెలలు డేరా వేసేవాళ్లు. వానలు మొదలయ్యాక గుడ్డ చుట్టి అటక మీద పెట్టేవాళ్లు. కొత్త సినిమాలు మాదాకా వచ్చేవి కావు. పట్నాల్లో ఆడి అరిగిపోయిన పాతవి రేకు డబ్బాల్లో, బస్సు టాపు మీద, దుమ్ము కొట్టుకుంటూ వచ్చేవి. వాటిలో గూఢచారి సినిమాలకు మావైపు జనం ఎక్కువ. అడవి పల్లెల నుంచి తునికాకు కోతల కాలంలో నడిచి వచ్చేవాళ్లలో చాలామందికి సినిమా తెలుగు సగమే అర్థమయ్యేది. తరుముడుకు తెలుగెందుకు? ఒక్కోసారి ఆట అయిపోయాక లేవకుండా కూర్చుని, "ఆపరేటరన్నా, ఆ వంతెనది ఇంకోపాలి వెయ్యి" అని అరిచేవాళ్లు. ఆయన మురిసిపోయి వేసేవాడు. అట్లా వేసినందుకే ఆ రీళ్లు ఇంకాస్త తొందరగా అరిగిపోయాయని ఇప్పుడు అనిపిస్తుంది.

రీలు డబ్బాలో పెట్టి పంపేటప్పుడు ఆయన ముఖం ఆడపిల్లను సాగనంపుతున్నట్టు ఉండేది. "ఈ సంగీతం ఇగ మనకు వినబడదే" అనేవాడు. ఆ బాధ పడలేకే టేపురికార్డరు కొన్నాడు. క్యాబిన్లో మిషను మోత. అందుకని తెర వెనక, పెద్ద స్పీకరు ముందు రికార్డరు పెట్టి, బటన్ నొక్కే పని నాకు అప్పజెప్పాడు. నేను మా పాపను ఒళ్లో పెట్టుకుని తెర వెనక కూర్చునేదాన్ని. అక్కడినుంచి బొమ్మ తిరగబడి కనిపిస్తుంది. ఆ హీరోలందరిదీ ఎడమచేతి వాటమని నేను చాలా ఏళ్లు అనుకున్నాను. తెరమీద పేర్లు కూడా తిరగబడే పడేవట. అది నాకు తెలియలేదు. నాకు చదువు రాదు కాబట్టి అక్షరాలు ఎటునుంచి చూసినా ఒకటే. ఆయన నాకు గుర్తులు చెప్పేవాడు: "ఫోను మోగుద్ది. విలను నవ్వుతడు. లైటు ఆరుతది. గప్పుడు నొక్కు." ఎవరైనా దగ్గినా, కుక్క మొరిగినా మర్నాడు విని, "పాడైంది, మళ్లీ తీద్దాం" అనేవాడు. క్యాసెట్లు దొరకని రోజులు. పాడైనదాన్ని చెరిపి దానిమీదే మళ్లీ ఎక్కించేవాడు.

ఆ వంతెన సినిమా, ఇప్పుడు రీళ్లే లేవన్నది, వచ్చినప్పుడు పాపకు నాలుగేళ్లు నిండాయి. గూఢచారి చీకట్లో వంతెన మీద ఒంటరిగా నడుస్తుంటాడు. వెనక వీణ లాంటిది ఒకటి, దాని కింద డప్పు లాంటిది ఒకటి, అడుగుకో దెబ్బ. డేరా అంతా ఊపిరి బిగబట్టింది. నేను బటన్ నొక్కాను. అప్పుడు పాప నా గదుమ పట్టుకుని తిప్పి, గొంతెత్తి అడిగింది: "అమ్మా, గాయన ఆళ్లమ్మ దగ్గరికి పోతుండా?" నేను దాని నోరు మూసి, "సప్పుడు జెయ్యకే, నాయన కొడ్తడు" అని కసిరాను. ఆయన జన్మలో దాన్ని కొట్టింది లేదు. మర్నాడు ఆయన విని, నవ్వి, "పాడైంది. ఇయ్యాల ఇంకోపాలి నొక్కు" అన్నాడు. నొక్కాను. పాపను ఆ రోజు మా తోడికోడలి దగ్గర వదిలి వెళ్లాను.

ఆ వానాకాలం పాపకు జ్వరం వచ్చింది. భద్రాచలం దవాఖానాకు బయల్దేరాం. వాగు పొంగింది. ఒడ్డున రెండు రోజులు ఆగాం. మూడోరోజు వాగు తగ్గింది కాని, దాటవలసిన పని లేకపోయింది. పాపకు ఒక్క ఫొటో అయినా తీయించలేదు. తీయిద్దాం తీయిద్దాం అనుకుంటూనే ఉన్నాం. మాకు మళ్లీ పిల్లలు కలగలేదు.

డేరా కొన్నేళ్లకు మూతపడింది. ఆయన కరెంటు మోటర్లు బాగుచేస్తూ, ఉన్న మూడెకరాలు తమ్ముడితో కలిసి చేసుకుంటూ బతికాడు. టేపులు మాత్రం ట్రంకుపెట్టెలో ఉండేవి. ఎప్పుడైనా ఒకటి తీసి, చెవిలో వైరు పెట్టుకుని, గోడవైపు తిరిగి వినేవాడు. "పెండ్లాం మాట ఏనాడన్న గంత శ్రద్ధగ విన్నవా?" అని దెప్పేదాన్ని. "నువ్వు అడక్కున్నా వినిపిస్తవు గదనే" అనేవాడు. ఒకసారి నాకూ వినిపించమని వైరు లాక్కోబోతే చెయ్యి అడ్డం పెట్టాడు. "వద్దులే, నీకు తలనొస్తది" అన్నాడు. నా మీద ఎందుకంత జాలి అని ఆ పూట అలిగాను కూడా.

తర్వాత ఆయనకు పక్షవాతం వచ్చింది. ఖమ్మం దవాఖానాలో నెలన్నర. వారం నేను, వారం మా ఆడబిడ్డ కాపలా ఉండేవాళ్లం. ఇక్కడ మొక్కజొన్న పాలు పోసుకుంది. చిలుకలు దిగాయి. మావైపు ఆ కాలంలో చేను అడ్డంగా, ఈ గుంజ నుంచి ఆ గుంజకు క్యాసెట్ టేపు మెలిపెట్టి లాగి కట్టేవాళ్లు. గాలికి అది జుయ్యిమని మోగుతుంది, ఎండకు తళతళలాడుతుంది, చిలుక భయపడి వాలదు. మా మరిది వచ్చి గడపలో నిలబడ్డాడు. "వదినా, చిలుకలు దండులెక్క పడుతున్నయ్. కంకి మిగిలేటట్టు లేదు. అన్న దగ్గర గన్ని టేపులున్నయ్ గద, ఇయ్యరాదు."

ఇంట్లో టేపులు రెండు చోట్ల ఉన్నాయి. గూట్లో ఉన్నవాటి మీద రంగురంగుల హీరోయిన్ల బొమ్మలు, మెరిసే అచ్చు కాగితాలు. ట్రంకుపెట్టెలో ఉన్నవి బోడివి. బొమ్మ లేదు, రంగు లేదు, పెన్నుతో రాసిన గీతలు మాత్రం ఉన్నాయి. నేను ఇల్లాలి తెలివంతా ఉపయోగించాను. "బొమ్మలవి ముట్టకు, అవి మీ అన్నకు పానం" అని చెప్పి, ట్రంకుపెట్టెలోని క్యాసెట్లు ఒక్కొక్కటే డబ్బాల్లోంచి తీసి గంపలో పోసి ఇచ్చాను. డబ్బాలు మాత్రం పోపుగింజలకు పనికొస్తాయని దాచాను.

ఆయన్ను ఆటోలో తీసుకొచ్చిన రోజు చేను పక్కనే దారి. గాలి బాగా ఉంది. "ఏంది ఆ సప్పుడు?" అన్నాడు, మాట ఇంకా ముద్దగానే ఉంది. నేను గొప్పగా, "మన టేపులే. చిలుక ఒక్కటి వాలితే ఒట్టు" అన్నాను. ఆయన ఆటో ఆపమన్నాడు. చేను మీద ఈ చివరి నుంచి ఆ చివరిదాకా మెరుస్తున్న దారాలను చాలాసేపు చూశాడు. ఇంటికొచ్చాక ట్రంకుపెట్టె తెమ్మన్నాడు. పనిచేసే ఒక్క చేత్తో డబ్బాలన్నీ తిరగేసి, ఒకటి ఏరి, చొక్కా జేబులో పెట్టుకున్నాడు. "తప్పు జేసిన్నా?" అన్నాను. "బొమ్మలవి బజార్ల దొరుకుతయే" అన్నాడు. అంతే.

మర్నాడు తెల్లారగానే, కోతకొచ్చిన చేనుకు పరిగెత్తి, గుంజలు పట్టుకుని టేపంతా విప్పి, గంపలో ఉండలుగా తెచ్చాను. ఏ ముక్క ఏ క్యాసెట్‌దో ఎవరికీ తెలియదు. ఎండకు రంగు వెలిసి, మంచుకు అంటుకుపోయి ఉంది. మా మరిది ఒక ముక్క అతికి పెడితే నూనెలో ఆవాలు చిటపటలాడినట్టు వినిపించింది. నేను ఏడుస్తుంటే ఆయనే నన్ను ఓదార్చాడు. "పోనీలేవే. నా గూఢచారులు చేనుకు కాపలా ఉన్నరు. మక్క దక్కింది గద." ఆ ఏడు నిజంగానే ఒక్క గింజ పోలేదు. మరుసటి ఏడు విత్తనాల వేళకు ఆయన లేడు. ఆ ఖాళీ డబ్బా దిండు కింద దొరికింది.

ఆ తర్వాతే నేను చదువు మొదలుపెట్టాను. యాభై దాటిన దాన్ని, అంగన్‌వాడీ టీచరమ్మ దగ్గర మధ్యాహ్నాలు పలక పట్టుకుని కూర్చుంటే, పిల్లలు నా చుట్టూ చేరి తప్పులు దిద్దేవాళ్లు. ఆ అమ్మ వాచకం ఇచ్చింది. నేను డబ్బాలు తీసుకెళ్లాను. "ఇవి చదవడం నేర్పు, చాలు" అన్నాను. నేను మొదట చదివింది 'పరుగు'. తర్వాత 'గోడ దూకుట'. 'విలను గది, గడియారం చప్పుడు.' 'ఇద్దరు గూఢచారులు ఎదురుపడుట, వాన వల్ల కొంత చెడింది.' రెండేళ్లు పట్టింది. దిండు కింది డబ్బాను అన్నిటికీ చివర ఉంచాను. భయం. నామీద కోపంగా ఏదైనా రాశాడేమో అనుకున్నాను, రాసింది నేను తప్పు చేయడానికి ఇరవై ఏళ్ల ముందని తెలిసి కూడా.

దానిమీద ఇట్లా ఉంది: 'వంతెన మీద నడక. మొదటిసారి తీసినది. పాప మాట, దాని అమ్మ కసురు పడ్డాయి. చెరపరాదు.'

వచ్చినాయనకు ఇదంతా ఇంత వివరంగా చెప్పలేదు. ఆయన డబ్బాల మీది రాతలు ఫొటోలు తీసుకున్నాడు. లేవబోతూ, ఆగి, "ఆ వంతెన దగ్గరి వరస మీకేమైనా గుర్తుందా అమ్మగారూ?" అన్నాడు. గుర్తులేకేం, ఎన్ని ఆటలు తెర వెనక కూర్చున్నాను! ఆయన ఫోను నా ముందు పెట్టాడు. నేను కళ్లు మూసుకుని కూనిరాగం తీశాను. వేలితో మంచం పట్టె మీద అడుగుల దెబ్బ కూడా వేశాను. ఒకచోట ఆపి, మళ్లీ అందుకున్నాను. అయిపోయాక ఆయన నోటుబుక్కు తెరిచి, "మధ్యలో సంగీతం ఆగుతుందన్నమాట" అని రాసుకోబోయాడు.

"ఆగదు సారూ" అన్నాను. "ఆడ ఒక మాట ఉంటది."

ఆయన రాయకుండా పెన్ను మూసి జేబులో పెట్టుకున్నాడు. ఎదురుగా చేను మీద గాలి తోలుతోంది. ఆ నెలన్నరలో నేను ఇంటిపట్టున ఉన్న రోజుల్లో నా బిడ్డ అడిగిన మాట ఆ గాలిలోనే, ఆ గుంజ నుంచి ఈ గుంజకు మోగుతూ ఉంది. నేను దాని కిందనే వంగి నీళ్లు కట్టుకున్నాను. కాలం నాకు ఇవ్వవలసినవి ఇవ్వకుండా పోలేదు. బిడ్డను ఇచ్చింది, దాని మాట దాచి ఇచ్చింది, చదువూ ఇచ్చింది. వరస మాత్రం తప్పించి ఇచ్చింది.