కడుపుకు చెవి ఆనించి

ఇవాళ పొద్దున వంటింట్లోంచి ఉలవలు ఉడికే వాసన వచ్చింది. మా ఆవిడ బేగం బజారు నుంచి తెప్పించిన ఉలవలతో చారు పెడుతోంది. ఆ వాసనకు మామూలు మనిషికి ఆకలి వేస్తుంది. నాకు మాత్రం వామన్‌రావు డాక్టరు గారు గుర్తుకొస్తారు. పెద్దమనుషులు గుర్తుకు రావడానికి ఇంతకంటే మర్యాదైన వాసనలు లోకంలో చాలా ఉన్నాయి. కానీ ఎవరు ఏ వాసనతో మన ముక్కులో స్థిరపడతారో మన చేతిలో లేదు. ఆయన గుర్రాల డాక్టరు, నేను ఆయన దగ్గర కాంపౌండరును. మనుషుల కాంపౌండర్లు నన్ను చూసి నవ్వేవారు. వాళ్ల రోగులు మందు చేదని ఫిర్యాదు చేస్తారు, మా రోగులు తంతారు. అంతకు మించి పెద్ద తేడా నాకు కనిపించలేదు.

పోలీసు చర్య తరువాత నిజాం ఫౌజు పోయింది. ఫౌజు గుర్రాలు ఎక్కడివక్కడ చెదిరిపోయాయి, వాటి డాక్టరు మిగిలిపోయారు. ఆయన ఆబిడ్స్ వెనక సందులో ఒక రేకుల షెడ్డు కిరాయికి తీసుకుని దవాఖాన తెరిచారు. నాంపల్లి స్టేషను ముందు నిలబడే టాంగాలకు అదే దిక్కు. మెట్రిక్ తప్పి, మా నాయిన కంట పడకుండా తిరుగుతున్న రోజుల్లో నేను అక్కడికి పని అడగడానికి వెళ్లాను. ఆయన ఒక గుర్రం కాలు తన ఒళ్లో పెట్టుకుని డెక్క గీకుతూ, తల ఎత్తకుండానే అడిగారు.

“గుర్రమంటే భయమా?”

“నాకు లేదు సార్. గుర్రానికి నేనంటే ఉందేమో కనుక్కోవాలె.”

ఆయన నవ్వలేదు. “రేపట్నుంచి రా. జోకులు మాత్రం బయట గుంజకు కట్టేసి రా” అన్నారు. నేను రోజూ కట్టేసే వెళ్లేవాణ్ణి. అవి పలుపు తెంపుకుని లోపలికి వచ్చేవి.

టాంగావాళ్ల ప్రశ్నలకు అంతుండేది కాదు. చెమటతో వచ్చిన గుర్రానికి వెంటనే నీళ్లు పెట్టొచ్చా, ఉలవలు నానబెట్టి పెట్టాలా ఉడికించి పెట్టాలా, నోట్లో పండ్లు అరిగిపోతే తెలిసేదెట్లా, ఆవులిస్తే దిష్టి తగిలినట్టేనా. ఉలవల సంగతి నోటితో చెబితే ఎక్కదని ఆయన షెడ్డు మూలన ఒక డేగిసాలో రోజూ ఉడికించి, వేళ్ల మధ్య నలిపి చూపించేవారు. “గింత మెత్తగుండాలె. పని లేనినాడు గింజ తగ్గించాలె” అని వచ్చిన ప్రతివాడికీ చెప్పేవారు. కడుపు సంగతి వస్తే మాత్రం ఆయన జవాబు చెప్పేవారు కారు. “నన్నెందుకడుగుతవు, దాన్నే అడుగు” అని గుర్రం యజమానిని డొక్క పక్కన నిలబెట్టి, చెవి ఆనించి వినమనేవారు. బాగున్న గుర్రం కడుపు ఎప్పుడూ ఊరుకోదు. దూరంగా గూడ్సు బండి పట్టాలు మారుతున్నట్టు లోపల గడగడలాడుతూనే ఉంటుంది. ఆ చప్పుడు వినబడితే “బండి కదులుతుంది, ఫికర్ లేదు” అనేవారు. మీసాలు మెలేసిన టాంగావాళ్లు పట్టపగలు గుర్రం పొట్టకు చెంప ఆనించి, కళ్లు మూసుకుని నిలబడేవారు. ఆబిడ్స్‌లో చీరలు కొనుక్కుని సందులోంచి పోయే ఆడవాళ్లు ఆగి మరీ చూసేవారు. గుర్రాలు రహస్యాలు చెబుతున్నాయని నేను వాళ్లకు వివరించేవాణ్ణి.

వాళ్లలో మల్లయ్య ఒకడు. మెదక్ వైపు పల్లెలో కౌలు వ్యవసాయం పోయి పట్నం వచ్చినవాడు. అతనికి రత్నం అనే ఎర్ర ఆడగుర్రం ఉండేది. అది కాక, ఆ గుర్రం మీద బతికే ఆరుగురు ఉండేవారు. ఒక దసరాకు మల్లయ్య టాంగా కట్టలేదు. రత్నానికి పసుపు పూసి, బొట్టు పెట్టి, మెడలో బంతిపూల దండ వేశాడు. ఏడాదంతా చాకిరీ చేసింది, పండగనాడన్నా కడుపునిండా తిననీ అని సగం ఉడికిన ఉలవలు బకెట్టు నిండా పెట్టాడు. అది చాలక ఇంట్లో చేసిన భక్ష్యాలు కూడా తినిపించాడు. తెల్లారి రత్నాన్ని నడిపించుకుంటూ మా దగ్గరకు వచ్చాడు. మెడలో బంతిపూలు ఇంకా వాడలేదు. అది మాటిమాటికి తల తిప్పి తన డొక్క వైపు చూసుకుంటోంది, వెనక కాలితో పొట్టను తన్నుకుంటోంది, కింద పడి పొర్లబోతోంది.

“నా బతుకు పోయింది తమ్మీ” అని మల్లయ్య నన్ను పట్టుకున్నాడు.

“నీ బతుకు ఇంకా నాలుగు కాళ్ల మీద నిలబడే ఉంది. పడనియ్యకు, పట్టుకో” అన్నాను.

డాక్టరు గారు రత్నం కడుపు రెండు పక్కలా విని, మల్లయ్యను పిలిచారు. “నువ్వు విను. ఏమినబడ్తుంది?”

మల్లయ్య చాలాసేపు విన్నాడు. “ఏమినబడ్తలేదు సాబ్” అన్నాడు.

“ఔ. నాకు గూడ ఏమినబడలే. ఇగ నడిపిద్దాం, పట్టు.”

సూది వేసి, గొట్టంతో అవిసెనూనె ఎక్కించి, మేత ఆపేసి, దాన్ని పొర్లనియ్యకుండా సందులో ఈ చివర నుంచి ఆ చివరకు మెల్లగా నడిపించాం. ఒక పక్క మల్లయ్య, ఒక పక్క డాక్టరు గారు, వెనక నేను. పెళ్లి ఊరేగింపులా ఉంది, బాజా లేదంతే అని నేను అంటే ఇద్దరూ నా వైపు చూడలేదు. మేం నీళ్లు తాగడానికి ఆగినప్పుడు నేను డాక్టరు గారిని అడిగాను. “బాగలేదని మీకు తెలుసు కదా సార్. మల్లయ్యతోని గూడ వినిపించుడెందుకు, భయపెట్టనీకా?”

“సత్తెం, నేను చెప్తే అది నా మాట. నమ్ముతడో లేదో. చెవితోని వింటే అది ఆయన సొంతం. బరువు ఇద్దరం మోస్తం. ఒక్కని మీద ఏస్తే మోకాళ్లు ఇరుగుతయి, గుర్రానికైనా, మనిషికైనా.”

ఎండ వాలే వేళకు మల్లయ్య మళ్లీ చెవి ఆనించాడు. ఉన్నట్టుండి అతని ముఖం మారిపోయింది. “సాబ్, బండి కదిలింది” అన్నాడు. “ఎన్నో ప్లాట్‌ఫారం మీదికి?” అని నేను అడిగాను. ఆ మాటకు డాక్టరు గారు నవ్వారు. ఆయన నవ్వగా చూడడం నాకు అదే మొదలు. తరువాత కూడా పెద్దగా చూడలేదు.

ఆ తరువాత సంవత్సరాల్లో స్టేషను ముందు రిక్షాలు పెరిగాయి, బస్సులు పెరిగాయి. రిక్షాకు కడుపునొప్పి రాదు. మా సందులోకి వచ్చే గుర్రాలు తగ్గిపోయాయి. ఎవరూ రాని రోజున కూడా ఆయన డేగిసాలో ఉలవలు ఉడికించేవారు. “ఎవరికి సార్?” అని అడిగితే “వచ్చినోళ్లకు” అనేవారు. రానివాళ్ల వాటా మేమిద్దరం ఉప్పు వేసుకుని తినేవాళ్లం.

ఒక పొద్దున నేను వెళ్లేసరికి ఆయన బల్ల పట్టుకుని నిలబడి ఉన్నారు. ముందు రోజు నుంచి కడుపు బాగాలేదని, సోడా తాగుతున్నానని చెప్పారు. చెబుతూ చెబుతూ తల పక్కకు తిప్పి తన డొక్క వైపు చూసుకున్నారు. ఆ చూపు నాకు తెలుసు. రత్నం దగ్గర చూశాను, ఇంకా చాలా గుర్రాల దగ్గర చూశాను. మనిషి దగ్గర చూడలేదు. టాంగావాళ్లు కూర్చునే బెంచీ మీద ఆయన వెల్లకిలా పడుకుని “సత్తెం, చెవి పెట్టి విను” అన్నారు. ఆయనకు భార్యాపిల్లలు లేరు. వినడానికి నేను తప్ప ఇంకొకరు లేరు.

నేను వంగాను. చొక్కాకు అవిసెనూనె వాసన, ఉలవల వాసన. నా ఊపిరి చప్పుడు నాకే వినబడుతోంది కాని లోపల నుంచి ఏమీ లేదు. ఎక్కడో స్టేషనులో నిజం బండి కూత వేసింది. అంతకంటే మంచి సందర్భం జోకుకు దొరకదు. నోటిదాకా వచ్చింది కూడా.

“ఏమినబడ్తుంది?”

“ఏం లేదు సార్.”

“ఔ. నేను గూడ అట్లనే అనుకున్న. విందామంటే నాది నాకు అందది గద” అన్నారు. అనేశాక ఆయన ముఖం కొంచెం తేలికపడింది.

మల్లయ్య టాంగాలోనే పెద్ద దవాఖానకు తీసుకెళ్లాం. కుదుపుకు పళ్లు బిగబట్టుకుంటూ కూడా ఆయన “మల్లయ్యా, దాని వెనక ఎడమ కాలి నాడా వదులైంది. చప్పుడు ఇనబడ్తలేదా నీకు?” అని కోప్పడ్డారు. మల్లయ్య కళ్లు తుడుచుకుంటూ “ఇయ్యాలనే కొట్టిస్త సాబ్” అన్నాడు. లోపల పేగు మెలిపడిందన్నారు, ఆలస్యమైందన్నారు, ఆపరేషన్ చేశారు. మర్నాడు సాయంత్రం ఆయన పోయారు.

నేను గేటు బయటికి వచ్చాను. మల్లయ్య ముందు రోజు నుంచి అక్కడే ఉన్నాడు. “కదిలిందా తమ్మీ?” అని అడిగాడు. కదలలేదని చెప్పాను. అతను వెళ్లి రత్నం డొక్కకు చెవి ఆనించి నిలబడ్డాడు. చాలాసేపటికి “దీంట్ల బండి తిరుగుతుంది. జర నువ్వు గూడ విను” అన్నాడు. నేను రెండో పక్కకు వెళ్లి చెంప ఆనించాను. వెచ్చగా ఉంది. లోపల బండ్లు పోతున్నాయి, వస్తున్నాయి. పేరున్న దవాఖాన గేటు ముందు ఇద్దరు మగవాళ్లు గుర్రానికి చెరో పక్క అతుక్కుని నిలబడితే జనం నవ్వకుండా ఎట్లా ఉంటారు. నవ్వుకున్నారు. వాళ్లకు వివరించడానికి నా దగ్గర ఏమీ లేకపోయింది.

ఇప్పుడు నేను కాచిగూడలో మనుషుల మందుల షాపులో పనిచేస్తున్నాను. రోగులు తన్నడం లేదు. మా అమ్మాయికి అయిదేళ్లు. కడుపు నొస్తుందని ఏడ్చినప్పుడల్లా మందు కంటే ముందు దాని పొట్టకు చెవి ఆనిస్తాను. “బండి కదులుతుంది, ఫికర్ లేదు” అంటాను. ఇవాళ పొద్దున ఆ ఉలవల వాసనకు నేను అరుగు మీద ఊరికే కూర్చుండిపోతే, అదే వచ్చి నా బనీను పైకెత్తి చెవి పెట్టింది. కళ్లు మూసుకుంది. నాది నాకు అందదు కదా, నేను ఊపిరి బిగబట్టుకుని కూర్చున్నాను.

“ఏమినబడ్తుంది బిడ్డా?”

అది చాలాసేపు విన్నది.

“నీకు ఆకలైతుంది నాయినా” అంది.