మల్లి మెడ మీద పసుపూ సున్నం

ఈమధ్య అనంతపురం ఆసుపత్రిలో ఒక నర్సమ్మ నా ఎడమ ముంజేతిలో సన్నటి సూదితో చర్మం కిందికి మందు ఎక్కించి, అది చిన్న బొబ్బలా లేచిన చోట బాల్‌పెన్నుతో చుట్టూ గీత గీసింది. నెలన్నరగా నన్ను వదలని దగ్గును చూసి, క్షయ సంగతి తేల్చుకుందామని డాక్టరు రాసిచ్చిన పరీక్ష అది. "మూడోనాడు వచ్చి చూపించండి మేడమ్. గోకొద్దు, రుద్దొద్దు, పసుపూ గిసుపూ పెట్టొద్దు" అంది. నాకు నవ్వాగలేదు. ఇందులో నవ్వడానికేముందన్నట్టు ఆ అమ్మాయి కాస్త నొచ్చుకుంది కూడా. ఏం చెప్పను? బత్తలపల్లె బస్సులో కిటికీ పక్కన కూర్చుని, చేతి మీది నీలిగీతను చూసుకుంటూ ఇంటికి వస్తుంటే, బయట ఎర్రచేలు ఎండలో ఊగుతున్నట్టు కనిపించాయి. ఆ ఎండలోంచి మా మేనత్త, చెంగు నడుముకు దోపుకుని, చేతిలో సున్నపు డబ్బీతో నడిచొచ్చింది.

మా అత్తది గార్లదిన్నెకు కాస్త ఎడంగా ఉన్న పల్లె. ఆ పక్కనున్న బడికి నాకు బదిలీ అయినప్పుడు, గది అద్దెకు చూసుకుంటానంటే ఆమె తిట్టినంత పని చేసి నన్ను తనింటికి తెచ్చుకుంది. వానలు ముఖం చాటేసిన ఏళ్లవి. శనక్కాయ వేసినవాళ్లు గింజకంటే కట్టె మీదే ఆశ పెట్టుకునేవాళ్లు, పశువులకైనా వస్తుందని. అత్తకూ ఆమె కొడుకుకూ, అంటే మా బావకూ, ఉన్న ఆధారమల్లా దొడ్లోని ఏడు ఆవులు. పొద్దున్నే పాలు పితుకుతూ, ఎదురుగా ఎవరుంటే వాళ్ల చేతిలో ఇత్తడి చెంబుతో నురగపాలు పెట్టేది అత్త. కాచిన పాలు జబ్బుమనుషులకని ఆమె నమ్మకం. పచ్చిపాలు వద్దన్నవాళ్లను చదువుకుని చెడిపోయినవాళ్ల జాబితాలో వేసేది. నేనూ చదువుకున్నదాన్నే గానీ, ఆ జాబితాకు భయపడి రోజూ తాగేదాన్ని. ఎన్నోసార్లు పైపెదవి మీద నురగ మీసంతోనే బడికి బయలుదేరి, ఊరి చివర గుర్తొచ్చి తుడుచుకున్నాను.

ఆ పాలు ఎక్కువగా మల్లివే. గోధుమరంగు ఒంటి మీద అక్కడక్కడా తెల్లమచ్చలు, ఒక కొమ్ము కాస్త లోపలికి వంగి ఉండేది. ఆవులన్నిటిలో దానిదే పెద్దరికం. అది గడప దాటితేగాని మిగతావి దాటవు. ఆ ఏడాది చలికాలంలో మల్లి మేత బాగానే తింటూ కూడా చిక్కిపోసాగింది. తెల్లవారేసరికి దొడ్లోంచి పొడిదగ్గు వినిపించేది, ఎవరో పెద్దమనిషి గొంతు సవరించుకుని ఏదో చెప్పబోయి మానుకున్నట్టు. పశువుల డాక్టరు వచ్చి, పక్కటెముకల మీద చెయ్యేసి చూసి, క్షయ అనుమానం ఉందన్నాడు. ఏడింటికీ మెడ మీద కాస్త వెంట్రుక గొరిగి, చర్మంలోకి సూదిమందు వేశాడు. మూడోనాడు వచ్చి చర్మం ఎంత మందమైందో కొలుస్తానని చెప్పి వెళ్లిపోయాడు. ఏదీ పెట్టొద్దని మాత్రం చెప్పలేదు. చెప్పాల్సిన అవసరం ఎవరికైనా ఎందుకు తోస్తుంది?

మూడోనాడు ఆయన దొడ్లోకి అడుగుపెట్టేసరికి ఏడు ఆవులూ మెడల నిండా ఎర్రటి పట్టీలతో, పెళ్లికి ముస్తాబైనట్టు వరసగా నిలబడి ఉన్నాయి. ఆయన కొలిచే పనిముట్టును మళ్లీ సంచిలో పెట్టేసి, నులకమంచం మీద కూర్చుని, ఇదేమిటని అడిగాడు.

"సూది పొడిచినచాట వాపుండాది సారూ. మల్లికి, ఇంగో దానికీ మెడ కందినట్ల ఉండాది. అన్నిటికీ పసుపూ సున్నం నూరి పట్టేసినా" అంది అత్త, మెచ్చుకుంటాడని ఎదురుచూస్తూ.

"ఆ వాపు చూడనీకే కదమ్మా నేనొచ్చింది" అన్నాడాయన. కోపం తెచ్చుకోలేదు, పాపం. ఆ మంటకు చర్మం మొత్తం ఉబ్బింది కాబట్టి ఏది రోగమో ఏది సున్నమో చెప్పలేనన్నాడు. మళ్లీ పరీక్ష చెయ్యాలంటే రెండు నెలలు ఆగాలి. అంతవరకు ఊరి పాలకేంద్రానికి పాలు పోయకూడదు, పచ్చిపాలు ఎవరూ ముట్టకూడదు, మల్లిని విడిగా కట్టి దాని పాలు గుంతలో పోసెయ్యాలి.

ఆ రెండు నెలలూ ఇప్పటికీ నాకు సగం నిద్రలో గడిపినట్టే గుర్తున్నాయి. పొద్దున్నే అత్త ముఖం పక్కకు తిప్పుకుని మల్లి పాలు గుంతలో పోసేది. ఎర్రమట్టి ఆ తెలుపును చూస్తుండగానే తాగేసేది. మిగతా పాలు పొంగి పొంగి మరిగేదాకా కాచి, తోడుపెట్టి, వెన్న తీసేది. ఇల్లంతా నెయ్యి వాసన, నా చీరలకూ, బడిపిల్లల పుస్తకాలకూ కూడా. దూరంగా గుట్టల మీద గాలిమరలు తీరుబడిగా తిరిగేవి. మబ్బుల నీడలు చేల మీదుగా పోయేవి తప్ప చుక్క రాల్చేవి కావు. బావ తల్లితో మాట్లాడటం తగ్గించేశాడు. కాసింత పసుపూ సున్నంతో రెండు నెలల రాబడి పోగొట్టిందని అతని బాధ, అది అబద్ధమూ కాదు.

రెండోసారి సూది వేసినరోజు అత్త తన సున్నపు డబ్బీ తెచ్చి నా చేతిలో పెట్టింది. "పాపా, ఇది నీకాడ పెట్టుకో. నా చెయ్యి ఊరికే ఉండదు" అంది. మూడు రోజులు సున్నం లేని ఆకువక్క నమిలి, గడ్డి తిన్నట్టుందని అందరి మీదా విసుక్కుంది గానీ డబ్బీ మాత్రం అడగలేదు. డాక్టరు వచ్చి కొలిచాడు. ఆరింటికి ఏమీ లేదు. మల్లి మెడ మీద మాత్రం నిమ్మకాయంత గట్టి వాపు. మనుషులకిచ్చినట్టు దీనికి మందులివ్వరనీ, మందకు దూరంగా ఉంచాలనీ, ఎవరికీ అమ్మకూడదనీ చెప్పాడు.

ఆయన బండి ఊరు దాటిందో లేదో, పశువుల బేరగాడు వచ్చి వసారాలో కూర్చున్నాడు. చూడటానికి ఆవు ఇంకా లక్షణంగానే ఉందనీ, సంతకు తాను తోలుకుపోతాననీ, అత్త ఎవరికీ ఏమీ చెప్పక్కర్లేదనీ అన్నాడు. బావ అప్పటికే పలుపు చేతిలోకి తీసుకున్నాడు. ఆరింటినైనా కాపాడుకుందామని అతని తొందర.  వసారా గూట్లో ఎప్పుడూ ఒక స్టీలు గ్లాసు బోర్లించి ఉండేది. నేనది దాహానికి వచ్చేవాళ్ల కోసమనుకునేదాన్ని. అత్త దాన్ని తీసి, చెంగుతో తుడుస్తూ, కొడుకు వైపు చూడకుండా మొదలుపెట్టింది.

"కొనేటోళ్లింట్లో పిల్లోల్లుండరా? వాళ్లకూ నురగపాలే తాపుతారు గదా." గ్లాసును వెలుతురుకెత్తి చూసింది. "మీ నాయనకూ ఈ జబ్బే వచ్చినాది. మాత్రలు మింగి బాగయినాడు. బాగయిందని డాక్టరు చెప్పినంక గూడా ఈ గ్లాసు నేను లోపలికి తేలే. పోయేదాకా ఈడనే కూచోని తాగినాడు. ఒక్కనాడు గూడా అడగలే. దూరం పెట్టమన్నారు గానీ పారేయమనలేదురా. ఆ తేడా నాకు అప్పుడు తెలీలే."

బావ పలుపు కింద పెట్టేశాడు. బేరగాడు కాసేపు మజ్జిగ కోసం చూసి, రాదని అర్థమయ్యాక వెళ్లిపోయాడు.

మల్లికి చేను చివర కానుగచెట్టు కింద బోదగడ్డితో చిన్న పాక వేశారు. వేరే తొట్టి, వేరే తాడు. రోజూ మధ్యాహ్నం అత్త సంగటిముద్ద, ఊరుబిండి పచ్చడీ గిన్నెలో పెట్టుకుని అక్కడికి పోయేది. డాక్టరు చెప్పినంత ఎడంగా, గాలికి ఎగువన కూర్చుని, మల్లి మేస్తుంటే తాను తినేది. సెలవురోజుల్లో నేనూ పోయేదాన్ని. అత్తా మల్లీ ఎదురెదురుగా నమిలేవాళ్లు, అంతే. మళ్లీ వానలు మొదలయ్యే ముందు మల్లి పోయింది. దగ్గర నిలబడి లోతుగా గుంత తీయించి, పైన సున్నం చల్లమన్నాడు డాక్టరు. తెచ్చిన సున్నమంతా చల్లాక అత్త తన డబ్బీ కూడా తెరిచి, ఉన్నదంతా వేలితో గీకి విదిలించింది. "ఇప్పుడు పెట్టొచ్చు గదా సారూ" అంది. నేను అక్కడే ఏడ్చేశాను. మర్నాడు పొద్దున నాకు కాఫీ ఆ స్టీలు గ్లాసులో ఇచ్చింది, వంటింట్లోనే, తన పక్కన కూర్చోబెట్టుకుని. అత్త పోయి చాలా ఏళ్లయింది. ఖాళీ డబ్బీ మాత్రం నా దగ్గరే ఉంది.

నిన్న మూడోనాడు. నర్సమ్మ నా చేతి మీది వాపును ప్లాస్టిక్ స్కేలుతో కొలిచి, ఏమీ పెట్టనందుకు మెచ్చుకుని, డాక్టరు దగ్గరికి పంపింది. ఎక్స్‌రేలోనూ కఫంలోనూ జబ్బేమీ లేదట, దగ్గు వేరేదట. ఈ వాపుకు అర్థం మాత్రం, ఆ క్రిమి ఎప్పుడో ఒంట్లో చేరి నిద్రపోతోందని. ఎప్పుడు చేరిందని అడిగాను. చెప్పలేమన్నాడు. నిజమే, ఏ బస్సులోనో, ఏ తరగతి గదిలోనో కావచ్చు. కానీ నా నాలుకకు మాత్రం గోరువెచ్చటి నురగ తగిలింది. గడిచిన రోజులు గడిచిపోయాయనే అనుకుంటాం. అవి మన ఒంట్లోనే ఎక్కడో పడుకుని ఉంటాయి, సన్నటి సూది ఒకటి గుచ్చి మూడు రోజులు ఆగితే పైకి లేస్తాయి.