ఎక్కడికి పంపినా కొంప మునిగినట్టే

ఎర్మొలాయ్ కుజ్మిచ్ నోట మంచి మాట రాదు. అలాగని ఆయన ఎవర్నీ తిట్టడు. ఆయన నోట వచ్చేది ఒకటే మాట: "కొంప మునిగింది." పొద్దున్నే రింక్ తలుపు తీసి, మంచు గరుకుగా ఉంటే కొంప మునిగిందంటాడు. నున్నగా ఉంటే ఇంకా గట్టిగా అంటాడు, నున్నటి మంచుకి అలవాటు పడ్డ పిల్లలు రేపు గరుకు మంచు మీద బోర్లాపడతారని. టీలో చక్కెర తక్కువైతే నిట్టూరుస్తాడు. సరిపోతే, ఇలాంటి టీ రేపు దొరకదు కదా అని నిట్టూరుస్తాడు.

ఉరల్ కొండల పక్కన ఉక్కు ఫ్యాక్టరీ పొగలో నల్లబడిన ఊరు రెచెన్‌స్క్. ఆ ఊరి పిల్లలకి మంచు మీద హాకీ నేర్పబట్టి ఆయనకి నలభై రెండేళ్ళు. పిల్లలు ఎదురుగా ఉన్నప్పుడు పేరూ తండ్రి పేరూ కలిపి మర్యాదగా పిలుస్తారు. అటు తిరగ్గానే మాత్రం ఆయన 'సంతాపసభ'. ఆ సంగతి ఆయనకీ తెలుసు. "పోనీలే, సంతాపసభకైతే అందరూ టైముకి వస్తారు. మీరు ప్రాక్టీసుకి అలా రండి చాలు" అనేవాడు.

ఆయనకి సహాయకుడు గ్లెబ్. ముప్ఫై నాలుగేళ్ళవాడు. ఏడేళ్ళ వయసులో ఆయన చేతే స్కేట్ల తాళ్ళు కట్టించుకున్నవాడు. పదిహేడేళ్ళకి కెనడా వెళ్ళి, అక్కడ పనికిరాక, ఏడాది తిరక్కుండానే వెనక్కొచ్చినవాడు. తను ఎందుకూ కొరగానని పెద్దాయన ఏనాడో తేల్చేసి ఉంటాడని గ్లెబ్ లోపల్లోపల గట్టిగా నమ్మేవాడు. ఆ నమ్మకంతోనే పదిహేనేళ్ళుగా ఆయన పక్కన విజిల్ ఊదుతున్నాడు.

ఒకసారి పక్క ఊరి జట్టుని తొమ్మిది సున్నాతో చిత్తుచేశారు. పిల్లలు డ్రెస్సింగ్ రూమ్‌లో అరుపులతో పైకప్పు లేపేస్తున్నారు. కుజ్మిచ్ తలుపు దగ్గర నిలబడి టోపీ తీశాడు. ఎవరో పోయారనుకుని అందరూ గప్‌చుప్ అయిపోయారు.

"తొమ్మిది గోల్స్! కొంప మునిగింది. ఇక రేపట్నుంచి ఒక్కడైనా పరిగెడతాడా?"

"నేను ఒక్క గోల్ కూడా పడనివ్వలేదు కదండీ" అన్నాడు గోల్‌కీపర్ బిక్కమొహం వేసుకుని.

"అదేరా నా ఏడుపు. గోల్ పడితే ఎలా ఉంటుందో నీకు మరుపొచ్చేసింది. ఇంక నిన్నెవరు బాగుచేస్తారు?"

పిల్లవాడికి పదహారు నిండగానే తల్లిదండ్రులు ఆయన గదికి వచ్చేవారు. అందరిదీ ఒకటే ప్రశ్న. రేపు వీడు సముద్రం అవతల పెద్ద లీగ్‌లో ఆడాలంటే, ఇప్పుడు ఎక్కడ పెరగాలి? అడగడం అయితే తేలిగ్గానే అడిగేవారు, బయటికొచ్చేటప్పుడు చేతిరుమాలు కావలసివచ్చేది.

"కెనడా కుర్రాళ్ళ లీగ్‌కి పంపిస్తే?" అని ఒక తండ్రి అడిగాడు.

"పంపించు. భాష రాదు, తిండి పడదు. ఎవరింట్లోనో ఉండాలి. వారంలో మూడు మ్యాచ్‌లు. జనవరికల్లా దిండు తడిసిపోతుంది."

"పెద్ద నగరం క్లబ్బులో చేరిస్తే?"

"అక్కడ వీడిలాంటివాళ్ళు అరవైమంది. రెండేళ్ళు బెంచీ మీద కూర్చుని గుడ్లు పొదుగుతాడు."

"ఇక్కడే మగాళ్ళ రెండో డివిజన్లో ఆడిస్తే?"

"గడ్డాలున్న మగాళ్ళు. వాళ్ళకీ ఇంటి దగ్గర పిల్లలుంటారు, జీతం కోసం ఆడతారు. వీణ్ణి గోడకేసి అతికించేస్తారు."

"మరి ఏం చెయ్యమంటారు?"

"నన్నడిగితే ఏం చెబుతాను బాబూ? అసలు వీడికి స్కేట్లు కొనివ్వకుండా ఉండాల్సింది" అని కుజ్మిచ్ ఆ తండ్రికి టీ పోసేవాడు.

ఇదంతా ఊరికి నవ్వులాట. ఆ నవ్వు సవేలి విషయంలో ఆగిపోయింది.

సవేలికి పదిహేడేళ్ళు. కుడివైపు ఆడతాడు. పక్, అంటే ఆ నల్ల రబ్బరు బిళ్ళ, వాడి స్టిక్‌కి తగులుకుంటే ఇక వదలదు. వాళ్ళమ్మ జినైదా, పెద్దలకి జీనా, ఫ్యాక్టరీలో క్రేన్ నడుపుతుంది. పైనుంచి కరిగిన ఉక్కుని చూసి చూసి, కిందున్న ఏ మనిషికీ బెదరని ఆడది. ఆ వేసవిలో కెనడా కుర్రాళ్ళ లీగ్ జట్టొకటి సవేలిని ఎంచుకుంది. పెద్ద నగరం క్లబ్బువాళ్ళూ అడిగారు. మూడు గంటల దూరంలో సొస్నోగోర్కా అని చిన్న ఊరుంది. అక్కడి మగాళ్ళ జట్టు కోచ్ ఫెదోత్ కూడా, మాకు పంపండని ఒక ముక్క రాసి పడేశాడు. జినైదా ఆ మూడోదాన్ని చదవనేలేదు. క్రేన్ మీంచే అందరికీ వినబడేలా చెప్పేసింది, తన కొడుకు కెనడా వెళుతున్నాడని.

అయితే సంతకాలకి ముందు, పిల్లవాడి కోచ్‌తో ఒకసారి మాట్లాడతామన్నారు కెనడావాళ్ళు. ఉదయం ఎనిమిదికి వీడియో కాల్. మధ్యలో అనువాదానికి గ్లెబ్. తన కెనడా బతుకులో మిగిలింది ఆ భాష ఒక్కటే.

"వీడు బద్ధకస్తుడని చెప్పు" అన్నాడు కుజ్మిచ్.

"ఒంట్లో శక్తిని పొదుపుగా వాడుకునే ఆటగాడు" అని గ్లెబ్ ఫోన్‌లో చెప్పాడు.

"ఇంటి బెంగ ఎక్కువ."

"కుటుంబమంటే ప్రాణం."

"వరసగా మూడు మ్యాచ్‌ల్లో గోల్ పడకపోతే నాలుగోసారి కూర్చుని ఏడుస్తాడు."

"ఓటమిని తేలిగ్గా తీసుకోడు."

కుజ్మిచ్ కళ్ళద్దాల మీంచి చూశాడు. "ఒరే, నేను చెప్పేది చేదు. వింటున్నవాడేమో నవ్వుతున్నాడు. మధ్యలో నువ్వేదో తీపి కలుపుతున్నావు. ఉన్నదున్నట్టు చెప్పు. లేదంటే ఇంగ్లీషు టీచరమ్మని పిలుస్తాను."

గ్లెబ్ చెప్పాడు, ఉన్నదున్నట్టే చెప్పాడు. అవతలి మనిషి నవ్వు ఆగింది, మళ్ళీ మాట్లాడతామన్నాడు, తెర నల్లబడింది. మర్నాడు పెద్ద నగరం క్లబ్బువాళ్ళు ఫోన్ చేస్తే కుజ్మిచ్ మళ్ళీ అదే పాట అందుకున్నాడు. దానికి తోడు, వీడు నలుగురి తిండి తింటాడనీ, మోకాలు వాన రాకముందే నొప్పెడుతుందనీ చేర్చాడు. వాళ్ళూ ఆలోచించి చెబుతామన్నారు. గురువారానికల్లా రెండు చోట్ల నుంచీ ఒకటే జవాబు వచ్చింది: ఈ ఏడాదికి వద్దు.

గ్లెబ్‌కి ఆ రోజు నిజంగానే అంతా అయిపోయినట్టు అనిపించింది. కళ్ళముందు ఒక కుర్రాడి బతుకు మీద నీళ్ళు పోసేశారు, ఆ నీళ్ళు తన నోటితోనే పోయించారు. సవేలి రింక్ మూలన కూర్చుని స్కేట్ తాళ్ళు ముడివేస్తూ విప్పుతూ ఉన్నాడు. పదిహేడేళ్ళ వయసులో తలుపు మూసుకుంటే ఆ చప్పుడు ఎలా ఉంటుందో గ్లెబ్‌కి తెలుసు.

జినైదా డ్యూటీ దిగి, ఫ్యాక్టరీ బట్టలతోనే వచ్చి ఒంటికాలి మీద లేచింది.

"నా కొడుకుని బద్ధకస్తుడంటారా? తెల్లారి ఐదింటికి లేచి గడ్డకట్టిన నది మీద స్కేటింగ్ చేసేవాణ్ణి? వాడి బతుకు తేల్చడానికి మీరెవరండీ?"

"నేనెవర్నీ కాను జీనా."

"మరెందుకండీ మా కొంప ముంచారు?"

ఈ ఊళ్ళో ఆ మాట కుజ్మిచ్‌ని వేరొకరు అనడం అదే మొదలు. పెద్దాయన తల వంచుకున్నాడు. అప్పుడు గ్లెబ్ కూడా ఆగలేకపోయాడు.

"నన్నూ ఇలాగే చేశారు కదా! నా గురించీ ఏదో రాసే ఉంటారు. అక్కడి కోచ్ నా మొహమ్మీద కాయితం ఊపుతూ అరిచాడు. అప్పటికి నాకు భాష రాదు. కానీ ఆ చేతిరాత మీదేనని తెలుసు. కింద ఇంకెవరో ఇంగ్లీషులో రాసిందీ ఉంది. అంత దూరం పోయినా నన్ను వదిలిపెట్టలేదు మీరు!"

కెటిల్ ఒకటే కూస్తోంది, దాన్ని ఆపాలని ఎవరికీ తోచలేదు.

"మూడు పేజీలు రాశానురా" అన్నాడు కుజ్మిచ్ చివరికి. "నలభై ఏళ్ళలో ఒక్కణ్ణే పొగిడాను. నిన్ను. ఇలాంటి చేతులు నేను చూడలేదన్నాను. మొదటి ఏడాదే ఇరవై గోల్స్ కొడతాడు, నాది పూచీ అన్నాను. వాళ్ళు ఇరవై గోల్స్ కోసం ఎదురుచూశారు. నువ్వు తొమ్మిది మ్యాచ్‌ల్లో ఒక్కటీ కొట్టలేదు. కొత్త దేశం, కొత్త మంచు, పిల్లాడివి. ఓ నెల ఆగితే కొట్టేవాడివి. కానీ ఆగలేదు వాళ్ళు. నేను గొప్పవాడన్నాను, వాళ్ళు మోసం అనుకున్నారు. ఆ కాయితమే ఊపారు నీ మొహమ్మీద."

గ్లెబ్ కుర్చీ వెతుక్కుని కూర్చున్నాడు. పదిహేడేళ్ళు మోసిన బరువు ఏమిటో, దాని లోపల ఉన్నది ఏమిటో, ఇప్పుడు ఒక్కసారిగా తెలిసింది.

"అందుకే ఇప్పుడు ముందు చెడ్డ చెబుతాను జీనా. ఏ ఊరు, ఏ దేశం అని అందరూ నన్నడుగుతారు. నాకేం తెలుసు? కెనడాలో బాగుపడ్డవాళ్ళున్నారు, ఇక్కడే ఉండి చెడిపోయినవాళ్ళున్నారు. వీడు ఆడలేని రోజున ఎవడు ఉంచుకుంటాడో అదొక్కటే చూడాలి. అంతా విని కూడా, అయినా పంపించు అన్నవాడి దగ్గరికే పంపాలి. ఇప్పటిదాకా ఒక్కడూ అనలేదు. అదీ నా ఏడుపు."

"ఇంకొకరు ఉన్నారు కదా" అన్నాడు సవేలి తలుపు దగ్గర్నుంచి. వాడు ఎప్పుడొచ్చాడో ఎవరూ చూడలేదు. "సొస్నోగోర్కా. వాళ్ళకీ ఫోన్ చేయండి. నా గురించి ఏం చెబుతారో నేనూ వింటాను."

కుజ్మిచ్ నిట్టూర్చి నంబరు కలిపాడు. స్పీకర్లో పెట్టాడు. ఫెదోత్ గొంతు వెనక సుత్తి దెబ్బలు వినబడుతున్నాయి. రింక్ పలకలు తనే బిగించుకుంటున్నాడట.

"బద్ధకస్తుడండీ" అన్నాడు కుజ్మిచ్.

"మావాళ్ళంతా అంతే. పంపండి."

"తిండి ఎక్కువ."

"మా ఆవిడ పెల్మెనీలని మాంసం కుడుములు వంద చుడితే తొంభై మిగులుతున్నాయి. పంపండి."

"ఏడుస్తాడు."

"మంగళవారం ప్రాక్టీసయ్యాక మేమందరం ఏడుస్తాం. వాడొక్కడే ఏడిస్తే బాగోదు, అందరితో కలిసి ఏడవమనండి."

"మీ దగ్గర ఎన్ని నిమిషాలు ఆడనిస్తారు?" అని అడిగాడు సవేలి.

"నువ్వేనా? మొదట్లో ఎనిమిది నిమిషాలు. గడ్డాలవాళ్ళు నిన్ను గోడకేసి కొడతారు. లేచి నిలబడితే పన్నెండు. రెండేళ్ళయ్యాక నువ్వు ఏ దేశం పోయినా నాకు దిగులుండదు, అవతలివాళ్ళకే ఉంటుంది." సుత్తి దెబ్బ ఆగింది. "వాళ్ళమ్మగారు ఉన్నారా అక్కడ? అమ్మా, మీవాడు దిగులుపడితే ఏం పెడితే తేరుకుంటాడు?"

జినైదా ఇంతవరకూ చేతులు కట్టుకుని నిలబడి ఉంది. కెనడావాళ్ళు ఎత్తూ బరువూ అడిగారు, నగరంవాళ్ళు మోకాలి ఫోటో అడిగారు. ఈ ప్రశ్న ఆమెని ఎవరూ అడగలేదు.

"పాలు పోసి బక్‌వీట్ జావ" అంది. "పైన వెన్న. కాస్త ఎక్కువే వెయ్యాలి." అని మొహం అటు తిప్పుకుంది.

ఆగస్టు చివర్లో సవేలి బస్సెక్కే రోజు వచ్చింది. ప్రయాణానికి ముందు అందరూ ఒక్క నిమిషం మాట్లాడకుండా కూర్చోవడం అక్కడి ఆచారం. అందరికంటే పెద్దవాళ్ళు లేచాక మిగతావాళ్ళు లేవాలి. బస్టాండులో జినైదా పెట్టె మీద, గ్లెబ్ హాకీ సంచి మీద, సవేలి పేవ్‌మెంట్ అంచు మీద కూర్చున్నారు. ఇనుప బెంచీ మీద కుజ్మిచ్ కూర్చున్నాడు.

నిమిషం అయింది. రెండయ్యాయి. కుజ్మిచ్ లేవలేదు. డ్రైవర్ హారన్ కొట్టాడు. కుజ్మిచ్ బూట్లు చూసుకుంటున్నాడు. ఆయన లేస్తేగాని పిల్లవాడు లేవకూడదు, పిల్లవాడు లేస్తేగాని బస్సు కదలదు. ఆచారమంటే ఏమిటో డ్రైవర్‌కీ తెలుసు కాబట్టి తిట్టలేక, స్టీరింగ్ మీద తల పెట్టుకున్నాడు. ఆ ఊళ్ళో సంతాపసభ నోరు మెదపకుండా అంతసేపు కూర్చోవడం ఎవరూ ఎరగరు.

"లేవండి ఎర్మొలాయ్ కుజ్మిచ్" అంది జినైదా మెల్లగా. "మూడు గంటల దూరమే కదా. ఆదివారం మిమ్మల్నీ తీసుకెళతాను."

ఆయన లేచాడు. సవేలి కాలరు సర్దాడు. "బాగా ఆడతావురా" అన్నాడు.

అనేసి, ఆయనే హడలిపోయాడు. మంచి మాట నోరు జారితే దిష్టి తగలకుండా ఎడమ భుజం మీదుగా మూడుసార్లు ఉమ్మి, చెక్కని మూడుసార్లు తట్టాలి. ఉమ్మడమైతే ఉమ్మాడు. చెక్క ఏదీ? బెంచీ ఇనుము. బస్సు ఇనుము. సవేలి స్టిక్ మీద పడ్డాడు, అది కార్బన్. పెట్టె ప్లాస్టిక్. "చెక్కరా, చెక్క!" అంటూ పెద్దాయన బస్టాండంతా గుండ్రంగా తిరుగుతున్నాడు. డ్రైవర్ కూడా సీటు కింద వెతకడం మొదలుపెట్టాడు.

గ్లెబ్ ఆయన్ని పట్టుకుని ఆపాడు. టోపీ తీసి, ఆయన నెత్తి మీద వేళ్ళతో మూడుసార్లు తట్టాడు.

"సరిపోతుందంటావా?" అని అడిగాడు కుజ్మిచ్ అనుమానంగా.

"ఇంతకంటే గట్టి చెక్క ఈ జిల్లాలో లేదండీ" అన్నాడు గ్లెబ్. బస్సు కదిలింది. కిటికీలోంచి సవేలి చేయి ఊపుతుంటే, జినైదా కూడా వచ్చి, ఎందుకైనా మంచిదని, ఇంకో మూడు తట్టింది.