మా లిఫ్టర్ చిరునామా

ఇవాళ ఉదయం కాఫీ చల్లారిపోతున్నా పట్టించుకోకుండా ఫోను చేతిలో పట్టుకుని కూర్చుండిపోయాను. నేను రిటైరయ్యాక కర్నూలులో మా కాలేజీకి ఆటలు నేర్పే పి.డి.గా వచ్చింది ఒకప్పటి నా శిష్యురాలే. ఆమె ఈ ఏటి ఆడపిల్లల వాలీబాల్ జట్టు కాగితాన్ని ఫోటో తీసి, ఒకసారి చూడండి మేడం అని పంపింది. పన్నెండు పేర్లున్నాయి. నాలుగో పేరుకెదురుగా లిఫ్టర్ అని, ఊరు కోసిగి అని రాసి ఉంది.

కాసేపటికి తనే ఫోన్ చేసింది. ఈ సీజన్‌లో పిల్లలు వరసగా మూడు మ్యాచ్‌లు గెలిచారట, వచ్చే నెల కడపలో అంతర్ కళాశాలల పోటీలట, కానీ బంతిని లేపి స్మాషర్‌కు అందించే ఆ లిఫ్టర్ పిల్ల మాత్రం పది రోజులుగా కాలేజీకే రావడం లేదట. ఇంట్లోవాళ్లతో సుగ్గికి పోయింది. ఈసారి జట్టు కడపకు వెళ్లకపోతే వచ్చే ఏడు ఆడపిల్లల వాలీబాలే ఎత్తేసి, ఆ కోర్టులో బండ్లు నిలపడానికి రేకుల షెడ్డు వేస్తారని పైవాళ్లు అప్పుడే అంటున్నారట. సుగ్గి అంటే మా పడమటి మండలాలవాళ్లకు చెప్పక్కర్లేదు. తెలియనివాళ్ల కోసం చెబుతున్నాను: చేలో పని అయిపోగానే ఇంటికి బీగం వేసి, పిల్లల్నీ సామాన్లనీ సర్దుకుని, కూలీలను కుదిర్చే మేస్త్రీ వెంట గుంటూరు వైపు మిరపకోతలకు పోయి, మళ్లీ ఉగాదికి తిరిగి రావడం. ఏం చేయాలి మేడం అని ఆమె అడిగితే, సాయంత్రం చెబుతానని పెట్టేశాను.

ఎందుకంటే నేను ఆడే రోజుల్లో మా జట్టు లిఫ్టర్‌దీ కోసిగే.

అప్పట్లో మా కోర్టంటే మొరం నేల. డైవ్ కొడితే మోకాళ్లు చెక్కుకుపోయేవి, ఇంటికెళ్తే అమ్మ పసుపు పెడుతూ తిట్టేది, మగపిల్లలు గోడెక్కి కూర్చుని మేం పడినప్పుడల్లా ఈలలు వేసేవాళ్లు. ఇప్పటి పిల్లలకు మోకాలి పట్టీలున్నాయి, మాకు మొండితనం ఉండేది. వన్ టౌన్‌లో కిరాణా కొట్టు నడిపే ఇంటి పిల్లను నేను, బంతిని గట్టిగా కొట్టగలనని నాకు మహా గర్వం. ఆ బంతి నా చేతి ఎత్తుకు సరిగ్గా వచ్చి నిలబడేది హాస్టల్లో ఉండే మా లిఫ్టర్ వల్ల అని తెలుసుకోవడానికి మాత్రం నాకు రెండేళ్లు పట్టింది. సన్నగా, నల్లగా, మాటల్లో మహా పిసినారి. బంతి ఆమె వేళ్లకు తాకిన చప్పుడు కూడా వినిపించేది కాదు.

ఆ ఏడు కడపలో మేం ఫైనల్ దాకా వెళ్లి ఓడిపోయాం. ఓడినా, చూడవచ్చిన పెద్దలు ఆమెను విశ్వవిద్యాలయం జట్టు శిబిరానికి ఎంచుకున్నారు, నన్నేమో రిజర్వులో పెట్టారు. ఎవరైనా రాకపోతే పనికొస్తారని రిజర్వువాళ్లను కూడా మొదటి రోజు రమ్మన్నారు. ఆ జట్టులో ఆడినవాళ్లకు స్పోర్ట్స్ కోటాలో ఉద్యోగం ఖాయమని మేం వినేవాళ్లం. ఆమె ఇంట్లో అప్పటిదాకా ఉద్యోగమన్నది చేసినవాళ్లు లేరు.

తల్లిదండ్రుల సంతకానికి పిలుపు ఉత్తరం ఫారంలో ఇచ్చిన చిరునామాకు పంపుతామన్నారు. నా దస్తూరి బాగుంటుందని జట్టులో అందరి ఫారాలూ నేనే నింపేదాన్ని. కుళాయి దగ్గర కాళ్లు కడుక్కుంటున్న ఆమెను, చిరునామా ఏం రాయమంటావే అని అడిగితే, ఓడిన దిగుల్లో ఉందేమో, నీ ఇష్టం అంది. హాస్టల్ అని రాస్తే అనాథలా ఉంటుందని, సొంత ఇల్లుండగా ఇదేం ఖర్మ అని, ముత్యాల్లాంటి అక్షరాలతో కోసిగి ఇంటి చిరునామా రాసిపెట్టాను. మా నాయన కొట్టు మూసేది ఇంట్లో ఎవరైనా పోతేనే. ఒక ఇల్లు మూడు నెలలు బీగం పడి ఉంటుందన్న సంగతి నా బుర్రకు తట్టనే లేదు. ఆ వారమే వాళ్లమ్మ హాస్టల్‌కు వచ్చి, ఈ ఏడు చేతులు చాలడం లేదని చెప్పి ఆమెను సుగ్గికి తీసుకుపోయింది. ఆమె బండి ఎక్కేటప్పుడు కూడా నాకు ఆ ఫారం గుర్తుకు రాలేదు.

ఇంతవరకూ జరిగింది తెలియనితనం. తర్వాతది కాదు.

శిబిరం మొదటి ఉదయం కడపలో కోచ్ సారు పేర్లు పిలిచారు. ఆమె పేరు రెండుసార్లు పిలిచారు. పలికేవాళ్లు లేరు. మీ కాలేజీయే కదమ్మా, ఆ పిల్ల ఎక్కడుందో తెలుసా, రేపు సాయంత్రం దాకా చూస్తాను అన్నారు. ఏ ఊరి చేలల్లో ఉందో నాకు తెలియదు, అది నిజమే. కానీ మా హాస్టల్ వంటామెది వాళ్ల ఊరే, వాళ్లను తీసుకెళ్లిన మేస్త్రీ ఆ వంటామెకు వరసకు తమ్ముడు. కాలేజీకి ఒక ట్రంకాల్ చేసి అడిగిస్తే తెలిసిపోయేది. అదంతా నా నాలుక చివర ఉంది. తెలియదు సార్ అన్నాను. మర్నాడు సాయంత్రం ఆయన ఆమె పేరు కొట్టేసి నా పేరు రాసుకున్నారు, ఆ రాత్రి నేను కడుపునిండా అన్నం తిన్నాను. ఆ సంగతి రాయడానికి ఇప్పటికీ సిగ్గుగా ఉంది.

ఉగాది అయ్యాక వాళ్లమ్మ మట్టి కొట్టుకుపోయిన కవరు పట్టుకుని కాలేజీకి వచ్చింది.

"తలుపు సందులో పడుండాది తల్లీ. దీంట్లో ఏం రాసినారో రోంత సదువు."

చదివాను. ఆమె ఆ కవరు మడిచి కొంగున ముడి వేసుకుంది.

"బీగమేసిన ఇంటికి ఉత్తరమేస్తే ఎవరు తీసుకుంటారమ్మా? ఎవరు రాసిరో గానీ, మా సంగతి తెలియనోళ్లు రాసినారు."

ఆ మాటకు నేను తలెత్తలేకపోయాను. మా లిఫ్టర్ మళ్లీ కాలేజీకి రాలేదు. నేను విశ్వవిద్యాలయం తరఫున ఆడాను, ఆ సర్టిఫికెట్టుతోనే పి.డి. ఉద్యోగం వచ్చింది, ఆ ఉద్యోగంతోనే ఇల్లు కట్టుకున్నాను. చాలా ఏళ్ల తర్వాత ఆదోని బస్టాండులో తనే నన్ను గుర్తుపట్టింది. పక్కన చిన్న కూతురు, చేతిలో మిరపకాయలు నింపే టిక్కీ సంచి, వేళ్ల నిండా పత్తికాయలు గీసిన గాట్లు. ఆ వేళ్లతోనే నా చెయ్యి పట్టుకుంది.

"పోనీలేబ్బా, నువ్వన్నా ఆడితివి. నాకు శానా సంతోషం."

అప్పుడైనా చెప్పాల్సింది. ఆలూరు బస్సు వచ్చేసింది, ఆమె ఎక్కి వెళ్లిపోయింది. బస్సు రాకపోయినా చెప్పేదాన్ని కాదని నాకు తెలుసు.

ఇవాళ సాయంత్రం శిష్యురాలికి ఫోన్ చేసి, ఆ పిల్లవాళ్ల మేస్త్రీ నంబరు పట్టుకొమ్మన్నాను. అరగంటలో దొరికింది. ఇంకో పది నిమిషాలకు ఆ పిల్ల పని చేస్తున్న చేను ఉన్న చోటే, దారితో సహా, నా ఫోనులోకి వచ్చేసింది. రేపు తెల్లవారుజామున బస్సుకు నేనూ శిష్యురాలూ బయల్దేరుతున్నాం. వాళ్ల నాయన పంపుతాడో లేదో, కోత మధ్యలో రెండు చేతులు వదులుకోమని ఏ మొహం పెట్టుకుని అడగాలో తెలియదు. ఒకవేళ పంపినా, ఈ ఏటితో ఆ కోర్టు మిగులుతుందన్న నమ్మకమూ లేదు.

మా రోజులే బాగుండేవని నా ఈడువాళ్లు అంటుంటే నేనూ తల ఊపుతుంటాను. కోసిగిలో ఇళ్లకు ఇప్పటికీ బీగాలు పడుతూనే ఉన్నాయి, అదేమీ మారలేదు. మారింది ఒక్కటే. మనిషి ఎక్కడుందో తెలియదని చెప్పి తప్పించుకోవడం ఇప్పుడు కుదరదు. మా రోజుల్లో కుదిరేది, నేను తప్పించుకున్నాను.