లండనోళ్ళ ఎగ్జిట్

కోరుట్లలో ఎగ్జిట్ అనేది ఇంగ్లీషు మాట అంటే ఎవరూ నమ్మరు. ఉప్పు, చింతపండు లాగా అది ఇంటి మాట. గల్ఫ్‌కు పోయినవాళ్ళు తిరిగి రావాలంటే పాస్‌పోర్టు మీద పడాల్సిన ముద్ర అది. అక్కడ ఏ దేశానికి పోయినా మా వాడలో దుబాయి పోయిండనే అంటారు, ఏ దేశం నుంచి వచ్చినా ఎగ్జిట్ అయ్యిండనే అంటారు. "మీ ఆయనకు ఎగ్జిట్ అయ్యిందా?" అని నల్లా దగ్గర బిందె పెట్టి ఎంతో మామూలుగా అడుగుతారు. అవతలామె "ఇంక కాలే" అంటే ముచ్చట అక్కడికి ఆపేస్తారు. అంతకుమించి అడగడం మర్యాద కాదు.

నేను చెప్పబోయేది మా వదిన గురించి. ఆమె గురించి చెప్పాలంటే ముందు ఆమె గొంతు గురించి చెప్పాలి. వదిన సిరిసిల్లలో పుట్టి పెరిగింది. వాళ్ళింట్లో సాంచాలుండేవి. మరమగ్గాలను అక్కడ సాంచాలంటారు. పొద్దంతా ఆ చప్పుడులో పెరిగినవాళ్ళు మెల్లగా మాట్లాడడం నేర్చుకోరు. మా ఇంటికి కోడలుగా వచ్చిన కొత్తలో ఆమె మంచినీళ్ళు అడిగినా వాడంతా వినబడేది. "గీ పిల్ల మనకు చెవులు లేవనుకుంటుందా ఏంది?" అని మా అమ్మ నవ్వేది. అమ్మ పోయాక, అన్న దుబాయిలో ఉండగా, ఇంట్లో వదినా నేనూ మిగిలాం. నేను రోజూ బస్సెక్కి జగిత్యాలలో ఒక ప్రైవేటు స్కూల్లో సోషల్ చెప్పడానికి పోయేదాన్ని. వదిన ఇంట్లో బీడీలు చేసేది. అంత గొంతున్న మనిషి ఒక్క విషయంలో మాత్రం గొంతెత్తేది కాదు. అన్న ఎట్లా ఉన్నాడని ఎవరు అడిగినా చేతిలో ఉన్న బీడీ వైపే చూస్తూ, "మంచిగనే ఉన్నడు" అనేది.

అన్న మంచిగా లేడు. వాళ్ళ కంపెనీ మూతపడి నెలలు గడిచాయి. జీతం లేదు, పని లేదు, ఇంటికి పంపించడమూ లేదు. ఊరికి దూరంగా ఒక క్యాంపులో మనవాళ్ళూ బీహారు వాళ్ళూ నేపాలీలూ ఒకే కప్పు కింద పడి ఉన్నారు. కరెంటు తీసేశాక, ఆ ఎండకు గదిలో ఉండలేక గోడ నీడ ఎటు జరిగితే అటు జరిగి కూర్చునేవాళ్ళట. ఎవరో పుణ్యాత్ములు బియ్యమూ పప్పూ తెచ్చిస్తే వండుకునేవాళ్ళు. మా పక్కింటామె భర్తది కూడా అదే కంపెనీ, అదే క్యాంపు. ఆమెను వదిన ఆపా అని, అంటే అక్కా అని పిలిచేది, నేనూ అట్లాగే పిలిచేదాన్ని. ఆపాది ఇంట్లో ఉర్దూ, బయట తెలుగు, కోపం వస్తే రెండూ కలిపి. ఇద్దరూ మా అరుగు మీద ఎదురెదురుగా చాటలు పెట్టుకుని తునికాకు కత్తిరించుకుంటూ, బీడీలు చుట్టుకుంటూ కూర్చునేవాళ్ళు. ఇద్దరికీ కలిపి ఒకటే బాధ, ఎగ్జిట్ ఎప్పుడిస్తారని.

గల్ఫ్ ముచ్చట ఏదన్నా చెప్తారేమోనని వదిన టీవీని గడప దగ్గరికి జరిపించుకుంది. సీరియళ్ళు బంద్, పొద్దంతా వార్తలే. తలెత్తి చూస్తే చెయ్యి ఆగుతుంది కాబట్టి ఆమె టీవీని చూసేది కాదు, వినేది మాత్రమే. అదే కొంప ముంచింది.

ఎండలు ముదురుతున్న రోజులవి. ఒక సాయంత్రం బస్సు దిగి వచ్చేసరికి మా ఇంటి ముందు పెళ్ళివారిల్లు లాగా ఉంది. దుబాయిలో మనుషులున్న ఆడవాళ్ళంతా పోగయ్యారు. ఆపా కొంగుతో కళ్ళు ఒత్తుకుంటోంది. వదిన గిన్నెలో చక్కెర పట్టుకుని అందరి చేతుల్లో పోస్తోంది.

"పిల్లా, ఎగ్జిట్ గడువు పెంచిండ్రు!" అని నన్ను చూడగానే అరిచింది. "టీవీల చెప్పిండ్రు. ఒప్పందం కుదరకపోయినా పోవచ్చునట!"

నేను కూడా ఒక్క క్షణం నమ్మాను. ఎందుకంటే అది జరగని సంగతేమీ కాదు. కాగితాలు సరిగా లేనివాళ్ళు జరిమానా లేకుండా వెళ్ళిపోవచ్చని గల్ఫ్ దేశాలు అప్పుడప్పుడు గడువు పెడతాయి, ఆ గడువును మళ్ళీ పొడిగిస్తాయి. చెప్పులైనా విడవకుండా లోపలికి పోయి టీవీ చూశాను. కింద పరుగెత్తే అక్షరాల్లో బ్రెగ్జిట్ గడువు పొడిగింపు అని ఉంది.

ఆ గడప దాటి బయటికి రావడం నాకు ఎంత కష్టమైందో చెప్పలేను.

"వదినా, అది ఎగ్జిట్ కాదు, బ్రెగ్జిట్."

"ఏదైతేంది? అండ్ల ఎగ్జిట్ ఉన్నదా లేదా?"

"ఉన్నది. కాని మనోళ్ళది కాదు. లండనోళ్ళది."

 ఆపా ముక్కు ఎగబీల్చి, "లండనోళ్ళకు ఎగ్జిట్ ఎందుకు బిడ్డా? వాళ్ళను ఎవ్వలు పట్టుకున్నరు?" అంది. ముందు నవ్వింది వదినే. గిన్నె కింద పెట్టి, గోడకు ఆనుకుని, కళ్ళ నీళ్ళు కారేదాకా నవ్వింది. ఆ నీళ్ళలో నవ్వు ఎంతో ఏడుపు ఎంతో నేను తేల్చుకోలేకపోయాను. ఆ తర్వాత ఆమె చేసిన పని చూసి నాకు ఆమె మీద గౌరవం పెరిగిపోయింది. చక్కెర తిని అప్పటికే ఇళ్ళకు వెళ్ళిపోయిన వాళ్ళందరి ఇళ్ళకూ తనే పోయింది. నేను పోయి చెప్తానంటే ఒప్పుకోలేదు. "తప్పు చెప్పింది నేను. నేనే చెప్పాలె" అంది. ఆమె ఒక్కో గుమ్మం ముందు నిలబడి చెప్పడం మా అరుగు దాకా వినబడింది.

మర్నాటి నుంచి ఆమెకు లండన్ పట్టుకుంది. తనను అంత మోసం చేసిన ముచ్చటేమిటో తేల్చుకోవాలి కదా. నేనూ సోషల్ టీచర్నే, అడిగితే ఊరుకుంటానా? యూరప్ దేశాలన్నీ కలిసి ఒక కూటమి కట్టుకున్నాయని, సరుకులు పన్ను లేకుండా అటూ ఇటూ పోతాయని, మనుషులు ఎక్కడైనా పని చేసుకోవచ్చని చెప్పాను. అందులోంచి బయటపడతామని బ్రిటన్ ప్రజలు ఓటేశారని, ఏండ్లు గడుస్తున్నా బయటపడలేదని చెప్పాను.

"పాస్‌పోర్టులు ఎవ్వల దగ్గరున్నయి?" అని అడిగింది.

"వాళ్ళ దగ్గరే."

"మరి కఫీలు?" కఫీలు అంటే అక్కడ మనవాళ్ళను పనికి పెట్టుకున్న యజమాని. అతను ఊ అంటేనే ఎగ్జిట్.

"కఫీలు లేడు. వాళ్ళకు వాళ్ళే."

"ఎవ్వలు ఆపకపోతే పోవుటానికి ఏం రోగం?"

వాళ్ళలో వాళ్ళకే కుదరడం లేదని చెప్పాను. ఒప్పందం చేసుకుని, రావాల్సినవి తీసుకుని పోదామని కొందరు. ఒప్పందం లేకున్నా, ఉత్త చేతులతోనైనా పోదామని కొందరు. అసలు పోవద్దని కొందరు. పార్లమెంటులో ఏది ముందు పెట్టినా దాన్ని ఓడగొడుతున్నారు, ఏం కావాలో మాత్రం చెప్పడం లేదు. వదిన నోరు తెరుచుకుని విన్నది. ఆ రోజు నుంచి నేను బస్సు దిగి రాగానే మంచినీళ్ళకన్నా ముందు, "ఏమాయె నీ లండనోళ్ళకు?" అని అడిగేది. "ఇంక కాలే" అని నేను చెప్పేదాన్ని.

మా అరుగు కూడా రెండుగా చీలింది. "ఇన్నేండ్లు కలిసి ఉన్నంక లెక్క తెగకుండ ఎట్ల పోతరు? హక్కు గద!" అని ఆపా. "పోవాలనుకున్నోళ్ళు పోవాలె. లెక్కలు వెనక నుంచి అస్తయి" అని వదిన. ఎవరూ తగ్గేవాళ్ళు కాదు. ఒకరోజు ఆపా కోపంతో తన చాట తీసుకుని ఇంటికి పోయింది, మర్నాడు మళ్ళీ వచ్చి అదే మాట అంది. జగిత్యాల బస్సులో ఈ గొడవంతా తలచుకుని నాలో నేనే నవ్వుకునేదాన్ని. ఏనాడూ చూడని దేశం కోసం ఇద్దరు ఆడవాళ్ళు అంత పట్టింపుగా మాట్లాడుకోవడం నాకు ముచ్చటగా ఉండేది.

ఒక మధ్యాహ్నం, స్కూలుకు సెలవు. నేను అరుగు మీద పేపర్లు దిద్దుతున్నాను, ఆపా ఇంకా రాలేదు. వదిన కత్తెర ఆగిపోయింది. నేను చూస్తుండగా ఆమె చేతులు ఊరికే ఉండడం అదే మొదటిసారి.

"లండనోళ్ళను ఎవ్వలు ఆపుతలేరన్నవు గద?"

"అవును."

"మరి మీ అన్నను ఎవ్వలు ఆపుతుండ్రు?"

కంపెనీ అన్నాను. "కంపెనీ మూతపడ్డది. మూతపడ్డ కంపెనీ మనిషిని ఎట్ల ఆపుతది పిల్లా?" అంది.  జవాబు కోసం ఆగకుండా మళ్ళీ కత్తెర అందుకుంది.

అన్న శుక్రవారం మధ్యాహ్నాలు ఫోన్ చేసేవాడు. ఆ శుక్రవారం ఫోన్ మోగగానే వదిన స్పీకర్ పెట్టి, తిన్నవా అని కూడా అడగకుండా, సిరిసిల్ల గొంతంతా పెట్టి అడిగింది. "నీ ఎగ్జిట్ ఎవ్వలు ఆపుతుండ్రు?"

అవతల అన్న నలుగురిలోంచి లేచి పక్కకు నడుస్తున్న చప్పుడు వినబడింది. 

"ఎవ్వలు ఆపుతలేరు," అన్నాడు అన్న.

అప్పుడు చెప్పాడు. ఆఫీసరొకడు క్యాంపుకు వచ్చి చాలా రోజులైందట. రావాల్సిన జీతమంతా ముట్టిందని సంతకం పెడితే ఎగ్జిట్ ఇస్తారు, టికెట్ ఇస్తారు. మనవైపే పెగడపల్లి ఊరి అతనొకడు సంతకం పెట్టి వెళ్ళిపోయాడు. అన్న, ఆపా భర్త, ఇంకొందరు సంతకం పెట్టేది లేదన్నారు.

"ముట్టని పైసలు ముట్టినయని ఎట్ల రాసియ్యాలె? గన్ని ఎండలల్ల చేసిన," అన్నాడు. మళ్ళీ తనే, "ఉత్త చేతులతోని ఎట్ల రావాలె? బస్సు దిగంగనే అందరు సంచులు చూస్తరు," అన్నాడు.

నాకు కోపం ఆగలేదు. ఇన్నాళ్ళూ మా దగ్గర దాచినందుకు అరవబోయాను. వదిన చెయ్యెత్తి నన్ను ఆపింది. తర్వాత మాట్లాడిన గొంతు ఆమెదేనా అని నేను తిరిగి చూశాను. అంత మెల్లగా ఆమె మాట్లాడగలదని నాకు తెలియదు.

"నువ్వు అడిగేది న్యాయమే. ఆ పైసలు నీయే. కాని వాళ్ళు బాకీ ఉన్నది నీకు. నువ్వు నాకేం బాకీ లేవు. నువ్వు రా."

అన్న ఏడవడం మాకు వినబడింది. "సంచులు చూసేటోళ్ళను నేను చూసుకుంట," అని వదిన ఫోన్ పెట్టేసింది.

ఆ తర్వాత కూడా అన్న వెంటనే ఒప్పుకోలేదు. లండన్ వాళ్ళు ఇంకో గడువు తెచ్చుకున్నారు. వదిన వాళ్ళ గురించి అడగడం మానేసింది, ప్రతి శుక్రవారం రా అని ఒక్క మాటే చెప్పేది. చివరికి అన్న సంతకం పెట్టాడు. ఒళ్ళు వంచి పనిచేసిన మనిషి చేత అబద్ధం రాయించుకున్న ఆ కంపెనీని తలచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

మావైపు ఉత్త చేతులతో వచ్చేవాళ్ళు చీకటి పడ్డాక వస్తారు. ఊరి బయటే బస్సు దిగి, సందుల్లోంచి ఇంటికి చేరతారు. అన్న కూడా అదే అనుకున్నాడు. జగిత్యాలలో తెలిసినవాళ్ళింట్లో పొద్దు గుంకేదాకా కూర్చుంటానని ఫోన్ చేశాడు. వదిన నన్ను వెంటేసుకుని జగిత్యాల పోయింది. ఆ ఇంట్లోంచి అన్నను లేపి, నడి మధ్యాహ్నం కోరుట్ల బస్సెక్కించింది. అన్న చొక్కా ఒంటి మీద వేలాడుతోంది. చేతిలో ఒక చిన్న సంచి, అంతే.

కోరుట్ల బస్టాండులో నేను ఆటో పిలవబోతే వదిన వద్దంది. నడిబజారు గుండా నడిపించింది. అన్న వెనకబడబోతే ఆగి, పక్కకు రానిచ్చి మళ్ళీ నడిచింది. టమాటల ధర, కూలిన ప్రహరీ గోడ, నల్లా దగ్గర కొట్లాట, అన్నీ ఆయనకు బజారంతా వినబడేలా చెప్తూ నడిచింది. దుకాణాల వాళ్ళు తలలెత్తి చూశారు. బట్టల దుకాణం మెట్ల మీద కూర్చున్న ఒక ముసలాయన, "ఏం తెచ్చినవ్‌రా దుబాయినుంచి?" అని అడగనే అడిగాడు.

"ఆయన తెచ్చుడేంది? నేనే తెప్పించుకున్న ఆయనను," అంది వదిన. నడక మాత్రం ఆపలేదు.

వెనక నడుస్తున్న నాకు గర్వంతో ఏడుపు వచ్చింది. మా అన్న తల మెల్లగా పైకి లేవడం నేను వెనక నుంచి చూశాను.

ఇంటికి చేరేసరికి ఆపా అరుగు మీద ఉంది. చాట పక్కకు పెట్టి లేచి నిలబడింది. "మా ఆయన ఎట్లున్నడు తమ్మీ?" అని అడిగింది.

"మంచిగ..." అని అన్న మొదలుపెట్టి, వదిన ముఖం చూసి ఆగాడు. "చిక్కిండు ఆపా. మస్తు చిక్కిండు. సంతకం పెట్టనంటుండు. లెక్క తెగకుండ పోతే ఇంట్ల ఏమంటరోనని భయపడుతుండు."

ఆపా అట్లాగే నిలబడింది. లెక్క తెగకుండా ఎట్లా పోతారని ఆ అరుగు మీద రోజూ వాదించింది ఆమే. వదిన ఆ మాట ఎత్తలేదు, లోపలికి పోయి మంచినీళ్ళు తెచ్చి అన్నకూ ఆపాకూ ఇచ్చింది. ఆపా నీళ్ళు తాగలేదు. కొంగు ముడి విప్పి ఫోన్ తీసి భర్తకు చేసింది. అవతల ఆయన ఏదో చెప్పబోతుంటే చెప్పనివ్వలేదు. "కుచ్ నక్కో," అంది. ఏమీ వద్దు. "కుచ్ నక్కో జీ. ఖాలీ హాత్ ఆజావ్." ఆయనకు వినబడలేదేమో, చెవికి ఫోన్ గట్టిగా నొక్కుకుని ఖాలీ చేతులతోనే రమ్మని మళ్ళీ మొదటి నుంచి చెప్పింది.