థిర్జా కిటికీలోని పువ్వు

ఇంగ్లండులోని విల్ట్‌షైర్ సుద్దకొండల పాదాన గోధుమ పండించే ఆంబ్రోస్ మాస్లెన్‌కు లోకంలో రెండే నిష్ఠలు: ఆదివారం చర్చి గంట మోగించడం, తన పైరును ఎవరినీ తొక్కనీయకపోవడం. వేసవిలో ఏ ఆకతాయిలో రాత్రివేళ చెక్కపలకలతో పైరును అణచి, ఎత్తునుండి చూస్తే బొమ్మగా కనబడే వలయాలు దిద్ది పోతే, తెల్లవారేసరికి ట్రాక్టరు తెచ్చి, చుట్టూ నిలిచిన పైరును కోసి, మేతకు ఎత్తి, ఆకృతి తెలియకుండా చెరిపివేసేవాడు. దిద్దినవారికంటె చూడవచ్చే జనం తొక్కేది ఎక్కువ.

"దేవుడిచ్చే రొట్టెమీద నడుస్తారా?" అనేవాడు. ఊరివారికి అతడు 'చెరుపుల ఆంబ్రోస్'.

ఆ యేడు అతని భార్య థిర్జా తుంటి ఎముక విరిగి మేడగదిలో మంచాన పడింది. ఆమెకు మిగిలిన జగమెల్ల ఒక కిటికీ, దానికెదురుగా వాలుచేను. జూలై చివర ఆ చేనిలోనే వలయాలు వెలిశాయి. ఆంబ్రోస్ యథాప్రకారం చెరిపి, చేతులు కడుక్కొని, టీ పట్టుకొని మేడెక్కాడు.

"వెలుగు రాగానే కనబడిందయ్యా," అంది థిర్జా. "పెద్ద పువ్వు, దాని చుట్టూ పిల్లపువ్వులు. నువ్వు టీ తెస్తే చూపిద్దామని కాచుకున్నా. నీకంటే ముందు నీ బండి వచ్చేసింది."

"పిలవకపోయావా?"

"ఆ మోతలో నీ చర్చి గంటే వినబడదు, నా గొంతెక్కడ?" అని నవ్వింది. "పోనీలే, టీ చల్లారుతుంది."

తిట్టి ఉంటే తేలికపడేవాడు. ఆ నవ్వు ములుకై లోపల నిలిచిపోయింది. సాయంకాలం పబ్బుకు పోయి, యజమాని లెన్ చెవిలో మెల్లగా అన్నాడు: "నా చేలో వలయాలు దిద్దిన ఆ పిల్లలెవరో తెలిస్తే, ఇంకోసారి రమ్మని చెప్పు."

"నువ్వా అడిగేది బాబాయ్! ఎన్ని గ్లాసులయ్యాయేం?"

"ఇంకా ముట్టనేలేదురా."

ఎవరూ రాలేదు. కోతలు ముగిశాయి, వానలు పడ్డాయి. నాటినుండి అతనికొక కొత్త అలవాటు: ట్రాక్టరు కదిలించే ముందు మేడెక్కి ఆమెతో ఒక మాట చెప్పడం.

"వాలుచేను దున్నడానికి పోతున్నా. పోనా?" అన్నాడు ఒక సెప్టెంబరు ఉదయం.

"ఆగు. ముందు ఇలా నా పక్కన కూర్చో. తల వంచు, ఇంకా వంచు, నా దిండుమీదికి."

ఆ దిండుమీదినుండి తన చేనును అతడెన్నడూ చూడలేదు. ఎండిన కొయ్యకాళ్ల నడుమ, లేతపచ్చగా, పెద్ద పువ్వు. దాని చుట్టూ పిల్లపువ్వులు. అణగిన వెన్నులు కోతకత్తికి అందక నేలనే ఉండిపోయి, రాలిన గింజ రాలినచోటే మొలిచింది. అతని కన్నులు చెమర్చాయి.

"నువ్వు సరిగా చెరపలేదయ్యా," అంది థిర్జా.

"ముసలాణ్ణి కదే. చెయ్యి తప్పింది."

"మరి దున్నేదెప్పుడు?"

"నువ్వు చూడడం అయ్యాక."

"అయితే ఈ యేడు నీకు ఆ చేను లేనట్టే."

ఆంబ్రోస్ బూట్లు విప్పి మంచం కిందికి నెట్టాడు.