ఇనుము మండిన సంతరోజు

నా చిన్నప్పుడు పెబ్బేరు సంత దారిలో వెల్డింగ్ చేసే ఆడమనిషి మా అమ్మ ఒక్కతే. ఆ దుకాణం మొదట మా నాయనది. ఒకనాడు ఆయన గ్రీజు చేతులతోనే ఆక్సిజన్ సిలిండర్ మూతి మీది వాల్వు తిప్పాడు. గ్రీజు భగ్గుమంది. ఆ మంటకు రెగ్యులేటర్ లోపలి ఉక్కు స్ప్రింగు కూడా కాలిపోయింది. నాయన కుడిచేతి వేళ్లు ముడుచుకుపోయి మళ్లీ తెరుచుకోలేదు. ఆయన పక్కన కూర్చుని చెబుతుంటే అమ్మ పని నేర్చుకుంది. ఆడది ఇనుము కోయడమేమిటని నవ్వినవాళ్లు నవ్వుతుండగానే దుకాణం తెరిచింది.

ఒక సంతరోజు పక్క ఊరి పటేల్ వచ్చాడు. ఆయన ట్రాక్టరు ట్రాలీ కొక్కెం విరిగింది. కొన్న ఎద్దులు ట్రాలీలో ఎండకు నిలబడి ఉన్నాయి. తీరా చూస్తే కొత్త ఆక్సిజన్ సిలిండర్ మూతి బిగుసుకుపోయింది. అమ్మ చేత్తో తిప్పి చూసి వదిలేసింది.

"ఇది వాపసు పంపాలె పటేలా. వేరేది వనపర్తి నుంచి పొద్దుగూకేసరికి వస్తది."

"అందాక ఎవరుంటరు? జర నూనె పొయ్యి, అదే తిరుగుతది."

"ఆక్సిజన్ కాడ నూనె ముట్టనియ్య. అంటుకున్నదంటే ఇనుము గూడ కాలుతది."

"ఇనుము కాలుతదా? గిదేం ముచ్చట?" అన్నాడాయన. చుట్టూ చేరినవాళ్లు కూడా నవ్వారు.

అమ్మ వాదించలేదు. పాత సిలిండర్‌లో కొక్కెం అతకడానికి చాలని కొద్దిపాటి ఆక్సిజన్ మిగిలి ఉంది. నాకు నల్ల అద్దం ఇచ్చి కళ్లకు అడ్డం పెట్టుకోమంది. అందరినీ దూరం జరిపి, ఒక ఇనుప పలక అంచును గ్యాస్ మంటతో ఎర్రగా కాల్చింది. ఆక్సిజన్ వదలగానే నిప్పురవ్వలు కురిశాయి. అప్పుడు గ్యాస్ కట్టేసింది.

"గ్యాస్ బంద్ చేసిన. ఇగ చూడున్రి."

మంట ఆరలేదు. ఒట్టి ఆక్సిజన్‌తోనే ఇనుము కాలుతూ, రవ్వలు చిమ్ముతూ తెగుతూ పోయింది. సిలిండర్ ఖాళీ అయ్యాకే ఆగింది. అందరూ నవ్వడం మానేశారు.

"కాలింది ఇనుమే. నూనె అంటుకుంటే ఆ మూతి గూడ గిట్లనే కాలుతది. నా పెనిమిటి చెయ్యి చూడున్రి," అని పక్కన కూర్చున్న నాయనను చూపించింది.

పదిమందిలో మాట పోయిందని పటేల్ ముఖం మాడ్చుకున్నాడు. నా వైపు తిరిగాడు.

"పిల్లా, ఆ మూలకున్న నూనె డబ్బా తే. నేనే పోస్త."

పెద్దవాళ్లు చెబితే చేయడమే నాకు తెలుసు. అమ్మ వైపు చూశాను. ఆమె నన్నే చూస్తోంది.

"తేను," అన్నాను.

"ఏందీ?"

"తేను పటేలా."

ఆయన ఎద్దులను దింపించి నడిపించుకుపోయాడు. ఆ ఊరి బండి ఒక్కటీ ఆ ఏడంతా మా దుకాణం ముందు ఆగలేదు. ఇంట్లో కూరలు తగ్గాయి. ఒకసారి వెళ్లి ఆయనతో మంచిగా మాట్లాడి రమ్మని చుట్టాలు చెప్పారు. అమ్మ పోలేదు.

"రాకపోతే రాకపాయె. మా చేతులు మాకున్నయి," అంది.

ఇప్పుడు ఆ దుకాణం నాది. నా తల నెరిసింది. తొందరపెట్టే పెద్దమనుషులు ఇంకా వస్తూనే ఉంటారు. కాదని చెప్పడానికి నేను గొంతు పెంచను, సంజాయిషీ ఇచ్చుకోను. మొండిదని పేరు పడింది, పడనీ. ఇనుము కోయడం కన్నా ముందు అమ్మ నాకు నేర్పింది అదే.